కుందేలు వయస్సు నిర్ధారణ

కుందేలు వయస్సు నిర్ధారణ అనగా పుట్టిన తేదీ తెలియని పెంపుడు కుందేలు శరీర లక్షణాలను పరిశీలించి, అది సుమారుగా ఎప్పుడు పుట్టి ఉంటుందో అంచనా వేయటం. సంతలోనో, దుకాణంలోనో కొన్న కుందేలుకు, ఒకరు పెంచలేక మరొకరికి ఇచ్చిన కుందేలుకు, జంతు సంరక్షణ కేంద్రం నుండి దత్తత తెచ్చుకున్న కుందేలుకు సాధారణంగా పుట్టిన తేదీ తెలియదు. మొదటి ఆరు నుండి ఎనిమిది నెలల వరకు కుందేలు వయస్సును చాలావరకు సరిగా చెప్పవచ్చును. ఆ తరువాత, బ్రతికి ఉన్న కుందేలు వయస్సును సంవత్సరాలలో కచ్చితంగా తెలిపే బాహ్య లక్షణం ఏదీ లేదు. అందువలన ఎదిగిన కుందేలు విషయంలో ఒకే సంఖ్యను పట్టుకొనక, "కనీసం ఇంత వయస్సు" అనే హద్దును నిర్ణయించి, దానిని బట్టి పోషణ, వైద్యం చేయటం సరైన పద్ధతి.

జాతి, ఆయుర్దాయం

ప్రపంచంలోని పెంపుడు కుందేళ్ళన్నీ ఒకే జాతికి చెందినవి. అది ఐరోపా కుందేలు. దీని శాస్త్రీయ నామం ఒరిక్టోలాగస్ క్యునిక్యులస్. స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ఐబీరియా ద్వీపకల్పం దీని పుట్టినిల్లు. 1758లో లిన్నేయస్ దీనిని వర్ణించెను. ఒక కిలోగ్రాము బరువుండే నెదర్లాండ్ డ్వార్ఫ్, నాలుగైదు కిలోల న్యూజీలాండ్ వైట్, ఆరు కిలోలు దాటే ఫ్లెమిష్ జెయింట్ కూడా ఈ జాతిలోని రకాలే. కాబట్టి బరువును మాత్రమే చూసి వయస్సు చెప్పటం సాధ్యం కాదు. కిలో బరువున్న కుందేలు పూర్తిగా ఎదిగిన పొట్టి రకం కావచ్చును, లేదా పెద్ద రకానికి చెందిన కొద్ది వారాల పిల్ల కావచ్చును.

మంచి పోషణలో పెంపుడు కుందేలు 8 నుండి 12 సంవత్సరాలు జీవిస్తుంది. అయితే చాలా కుందేళ్ళు అంత కాలం బ్రతకటం లేదు. 2013లో ఇంగ్లండులోని పశువైద్యశాలలకు వచ్చిన 6,349 కుందేళ్ళ వివరాలను పరిశోధకులు పరిశీలించగా, మరణించిన వాటి మధ్యగత వయస్సు 4.3 సంవత్సరాలని తేలినది. దీర్ఘాయుష్షుకు ఉదాహరణగా గిన్నిస్ రికార్డులలో ఫ్లాప్సీ అనే కుందేలును పేర్కొంటారు. 1964 ఆగస్టులో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పట్టుబడిన ఈ కుందేలు 18 సంవత్సరాల 10 నెలలకు పైగా జీవించినది.

వయస్సు తెలుసుకొనవలసిన అవసరం

కుందేలు వయస్సును పొరబడినచో కలిగే నష్టాలు ముఖ్యంగా నాలుగు.

* సంతానం: కుందేళ్ళు నాలుగు నుండి ఆరు నెలల వయస్సులో, చిన్న రకాలు ఇంకొంచెం ముందుగానే, ఈడుకు వస్తాయి. గర్భధారణ కాలం సుమారు 31 రోజులు. ఈనిన మరునాటికే ఆడ కుందేలు తిరిగి గర్భం ధరించగలదు. "ఇంకా పిల్లలే కదా" అని ఆడ, మగ కుందేళ్ళను ఒకే గూటిలో ఉంచినచో రెండు మూడు నెలలలో గూడు నిండిపోతుంది. పది, పన్నెండు వారాలకే వాటిని వేరు చేయవలెను.
* ఆహారం: ఎదిగే పిల్లలకు మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువగా ఉండే లూసర్న్ గడ్డి మంచిది. ఎదిగిన కుందేలుకు అదే ఆహారం కొనసాగించినచో ఊబకాయం వస్తుంది. ఎక్కువైన కాల్షియం మూత్రం ద్వారా బయటకు పోతుంది కనుక మూత్రాశయంలో సున్నపు మడ్డి పేరుకొనే ప్రమాదం ఉన్నది. పెద్ద కుందేలుకు మామూలు ఎండుగడ్డే ప్రధానాహారం కావలెను.
* పాలు మరువని పిల్లలు: కొందరు అమ్మకందారులు నాలుగు వారాలు కూడా నిండని పిల్లలను పొట్టి రకపు పెద్ద కుందేళ్ళని చెప్పి అమ్ముతారు. తల్లి పాలకు దూరమైన అటువంటి పిల్లలు అతిసారం వలన కొద్ది రోజులలోనే మరణించవచ్చును.
* వ్యాధులు: గర్భాశయం తొలగించని ఆడ కుందేళ్ళలో నాలుగేళ్ళు దాటిన తరువాత గర్భాశయ క్యాన్సర్ తరచుగా కనిపిస్తుంది. నాలుగేళ్ళ కుందేలును ఏడాది కుందేలుగా భావించినచో, సకాలంలో చేయించవలసిన పరీక్ష జరగకపోవచ్చును.

పళ్ళను బట్టి ఎందుకు చెప్పలేము?

పశువుల వయస్సును పళ్ళను బట్టి చెప్పటం తెలుగు రైతులకు తరతరాలుగా తెలిసిన విద్య. పాలపళ్ళు ఊడి, వాటి స్థానంలో శాశ్వత దంతాలు జతలు జతలుగా వచ్చే క్రమమే దీనికి ఆధారం. ఒంగోలు జాతి ఎద్దులకు జరిపే బండలాగుడు పోటీలలో పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేయటం కూడా ఇందువలననే. ఎద్దుకు సుమారు రెండేళ్ళ వయస్సులో మొదటి జత, నాలుగైదేళ్ళకు చివరి జత శాశ్వత కుంతకాలు వస్తాయి. ఆ తరువాత పళ్ళ అరుగుదలను చూసి వయస్సు చెబుతారు.

ఈ పద్ధతి కుందేలుకు పనికిరాదు. ఇందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది, కుందేలు పాలపళ్ళు పుట్టిన కొద్ది వారాలలోనే రాలిపోతాయి. సుమారు ఐదు వారాలకు శాశ్వత దంతాలన్నీ అమరిపోతాయి. కుందేలు దంతసూత్రాన్ని విద్యార్థులు జీవశాస్త్ర పాఠాలలో చదివే ఉంటారు. దవడలో ఒక పక్కన పైన, కింద కుంతకాలు 2/1, రదనికలు 0/0, అగ్రచర్వణకాలు 3/2, చర్వణకాలు 3/3. మొత్తం దంతాలు 28. రెండు నెలల కుందేలుకైనా, ఎనిమిదేళ్ళ కుందేలుకైనా ఈ లెక్క ఒకటే.

రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. కుందేలు దంతాలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కుంతకాలు వారానికి సుమారు 2 నుండి 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డి నమలటం వలన దాదాపు అంతే మేర అరిగిపోతాయి. అనగా ఈ రోజు నోటిలో కనిపించే కుంతకం భాగం కొద్ది వారాలలో అరిగిపోయి, దాని స్థానంలోకి కొత్త భాగం వస్తుంది. ఎద్దు పంటిపై ఏళ్ళ తరబడి నిలిచే అరుగుదల గుర్తు కుందేలు పంటిపై నిలువదు. పొడవుగా, వంకరగా పెరిగిన పళ్ళు ముసలితనానికి గుర్తని కొందరు భావిస్తారు. కాని అది దవడలు సరిగా కలవకపోవటం వలననో, గడ్డి తక్కువై మెత్తని మేత ఎక్కువ కావటం వలననో వచ్చే దోషం. పొట్టి రకపు కుందేళ్ళలో ఇది కొన్ని నెలల వయస్సులోనే కనిపించవచ్చును.

పిల్లల వయస్సు

పుట్టిన నాటి నుండి ఈడు వచ్చే వరకు కుందేలు శరీరంలో మార్పులు ఒక క్రమంలో జరుగుతాయి.

* పుట్టిన రోజు: ఒంటిపై బొచ్చు ఉండదు. కళ్ళు, చెవులు మూసుకొని ఉంటాయి. బరువు రకాన్ని బట్టి 30 నుండి 80 గ్రాములు.
* ఒక వారం: పలుచని బొచ్చు కనిపిస్తుంది. కళ్ళు ఇంకా తెరుచుకోవు.
* 10 నుండి 12 రోజులు: కళ్ళు తెరుచుకుంటాయి. చెవులు వినటం మొదలవుతుంది.
* సుమారు మూడు వారాలు: గూటి నుండి బయటకు వచ్చి గడ్డి కొరకటం మొదలు పెడతాయి. ఇంకా తల్లి పాలు త్రాగుతూనే ఉంటాయి.
* ఐదు నుండి ఎనిమిది వారాలు: పాలు మరుస్తాయి. ఎనిమిది వారాలు నిండిన తరువాతే కొత్త ఇంటికి తీసుకొని వెళ్ళటం మేలు.
* 10 నుండి 14 వారాలు: మగ పిల్లలలో వృషణాలు కిందికి దిగుతాయి. ఇంతకు ముందు ఆడ, మగ తేడా గుర్తించటం అనుభవజ్ఞులకు కూడా కష్టం.
* నాలుగు నుండి ఆరు నెలలు: మెత్తని పిల్ల బొచ్చు రాలి పెద్ద బొచ్చు వస్తుంది. గడ్డంతో వస్తువులను రుద్ది వాసన గుర్తు పెట్టటం, మూత్రం చిమ్మటం, ఒకదానిపై ఒకటి ఎక్కటం వంటి ఈడు లక్షణాలు కనిపిస్తాయి. చిన్న రకాల పెరుగుదల ఇంచుమించుగా పూర్తవుతుంది.
* తొమ్మిది నుండి పన్నెండు నెలలు: ఫ్లెమిష్ జెయింట్ వంటి పెద్ద రకాల పెరుగుదల పూర్తవుతుంది.

ఇంటికి వచ్చిన కుందేలు ఇంకా ఎదుగుతున్నదా లేదా అనేది తెలుసుకొనుటకు తేలికైన మార్గం తూకం. ప్రతి వారం ఒకే వేళకు తూచి వ్రాసుకొనవలెను. ఆరోగ్యంగా ఉన్న కుందేలు బరువు వారం వారం క్రమంగా పెరుగుతున్నచో అది ఇంకా పిల్ల. రెండు నెలలపాటు బరువు నిలకడగా ఉన్నచో ఎదుగుదల ముగిసినట్లు భావించవచ్చును. బలహీనంగా వచ్చిన పెద్ద కుందేలు కూడా మంచి మేతతో కొన్నాళ్ళు బరువు పెరుగుతుంది కనుక, ఈ గుర్తును మిగిలిన వాటితో కలిపి చూడవలెను.

చెవులపిల్లి పిల్లలతో పొరపాటు

తెలుగునాట పొలాలలో, మెట్ట భూములలో కనిపించే చెవులపిల్లి పెంపుడు కుందేలు కాదు. దీని శాస్త్రీయ నామం లీపస్ నైగ్రికోలిస్. దీనిని అడవి కుందేలు అని కూడా అంటారు. కోతల సమయంలో కూలీలకు దీని పిల్లలు దొరుకుతుంటాయి. పెంపుడు కుందేలు పిల్ల బొరియలోనో, గూటిలోనో పుట్టి కళ్ళు తెరవటానికి పది రోజులు పడుతుంది. చెవులపిల్లి పిల్ల నేలమీదనే పుడుతుంది. పుట్టినప్పుడే దానికి ఒంటి నిండా బొచ్చు ఉంటుంది, కళ్ళు తెరుచుకొని ఉంటాయి, కొద్ది సేపటికే కదలగలదు. కాబట్టి కళ్ళు తెరిచి, బొచ్చుతో ఉన్న చిన్న పిల్ల దొరికినచో దానిని రెండు మూడు వారాల కుందేలు పిల్లగా లెక్కించి గడ్డి వేయటం ప్రాణాంతకం కావచ్చును. అది నిన్న పుట్టినది కావచ్చును.

తల్లి పగలు పిల్లల వద్ద ఉండక, పాలివ్వటానికి మాత్రమే వచ్చిపోతుంది. అందువలన ఒంటరిగా కనిపించిన పిల్ల అనాథ కానవసరం లేదు. దెబ్బ తగలని పిల్లను అక్కడే వదిలివేయటం మంచిది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఈ జంతువును పట్టటం, పెంచటం నేరం. గాయపడిన పిల్ల దొరికినచో అటవీ శాఖ వారికి తెలియజేయవలెను.

ఎదిగిన కుందేలు బాహ్య లక్షణాలు

గోళ్ళు: చిన్న కుందేలు గోళ్ళు సన్నగా, వాడిగా ఉండి పాదం బొచ్చులో దాగి ఉంటాయి. వయస్సుతో పాటు అవి బొచ్చు దాటి బయటకు వచ్చి, మందంగా, వంపుగా తయారవుతాయి. గోరు బొచ్చు అంచును దాటినచో ఏడాది నిండినదని పెంపకందారులలో ఒక లెక్క ఉన్నది. కాని గోళ్ళు కత్తిరించిన కుందేలుకు, గరుకు నేలపై తిరిగే కుందేలుకు, ఇనుప జాలిపై ఉంచిన కుందేలుకు ఈ లెక్క ఒకేలా వర్తించదు.

చెవులు: లేత కుందేలు చెవి అంచు పలుచగా, మృదువుగా ఉంటుంది. పెద్ద కుందేలు చెవి మందంగా ఉంటుంది. ఐరోపాలో మాంసం కొనేవారు చెవి సులభంగా చిరుగుతుందా లేదా అని చూసి లేత కుందేలును ఎంచుకొనేవారు. బ్రతికి ఉన్న కుందేలుకు ఈ పరీక్ష చేయరాదని వేరుగా చెప్పనవసరం లేదు.

గంగడోలు: ఈడు వచ్చిన ఆడ కుందేలు గొంతు కింద చర్మం మడతగా వేలాడుతుంది. ఇది ఉన్నచో కుందేలు పిల్ల కాదని చెప్పవచ్చును. లేనంత మాత్రాన చిన్నదని చెప్పలేము. కొన్ని రకాలలో ఇది ఏర్పడదు. లావెక్కిన మగ కుందేలుకు కూడా కొద్దిగా కనిపించవచ్చును.

మడమలు: వెనుక కాళ్ళ మడమల కింద బొచ్చు ఊడి చర్మం కాయ కాయటం ముసలి కుందేళ్ళలో ఎక్కువ. అయితే బరువెక్కువైన కుందేలుకు, తడి నేలపైనో జాలిపైనో ఉంచిన కుందేలుకు చిన్న వయస్సులోనే ఈ స్థితి రావచ్చును.

ఈ నాలుగు గుర్తులూ కుందేలు వయస్సు కంటే అది గడిపిన జీవితాన్నే ఎక్కువగా తెలుపుతాయి. ఇరుకు గూటిలో మగ్గిన రెండేళ్ళ కుందేలు, విశాలమైన ఇంటిలో తిరిగిన ఆరేళ్ళ కుందేలు కంటే ముసలిదిగా కనిపించటం అసాధారణం కాదు.

ఎక్స్-రే పరీక్ష

ఎదిగే జంతువు పొడవాటి ఎముకల చివరల వద్ద మృదులాస్థి పలకలు ఉంటాయి. ఎముక పొడవు పెరిగేది ఇక్కడే. ఎక్స్-రేలో ఇవి నల్లని గీతలుగా కనిపిస్తాయి. ఎదుగుదల ముగిసిన తరువాత ఇవి ఎముకగా మారి గీతలు మాయమవుతాయి. చాలా కుందేళ్ళలో మోకాలి వద్ద గీతలు ఆరు నుండి ఎనిమిది నెలల మధ్య మూసుకుంటాయి. పెద్ద రకాలలో కొంత ఆలస్యం కావచ్చును. గీతలు స్పష్టంగా ఉన్నచో కుందేలు ఇంకా ఎదుగుతున్నది. పూర్తిగా మూసుకున్నచో దానికి కనీసం ఆరు నెలలు నిండినట్లు భావించవచ్చును. అంతకు మించి అది ఏడాదిదా, ఐదేళ్ళదా అనేది ఈ గీతల వలన తెలియదు.

వృద్ధాప్య లక్షణాలు

సాధారణంగా ఐదారేళ్ళు దాటిన కుందేళ్ళలో ముసలితనపు మార్పులు కనిపిస్తాయి. తొడల కండ తగ్గి వెన్నెముక చేతికి తగలటం, కీళ్ళవాతం వలన గెంతటం తగ్గించటం, మలమూత్ర విసర్జనకు పెట్టిన పళ్ళెం అంచు ఎక్కలేకపోవటం, నడుము వంగక వెనుక భాగం శుభ్రం చేసుకొనలేకపోవటం, ఎక్కువగా నిద్రించటం వీటిలో ముఖ్యమైనవి. వెన్నెముక ఎక్స్-రేలో పూసల మధ్య ఎముక వంతెనలు కనిపించవచ్చును.

కంటిలో శుక్లాలు ముసలితనానికి గుర్తని సామాన్యంగా అనుకుంటారు. కాని ఎన్‌సెఫాలిటోజూన్ క్యునిక్యులి అనే సూక్ష్మజీవి సోకిన లేత కుందేళ్ళలో కూడా కంటి శుక్లం వస్తుంది. చిక్కిపోవటానికి దంతవ్యాధి, మూత్రపిండాల వ్యాధి కారణం కావచ్చును. కాబట్టి "ముసలిది, ఇంతే" అని వదిలివేయక, పశువైద్యునికి చూపించవలెను. వయస్సు మీద పడినదని పొరబడిన కుందేలుకు నయం కాగల వ్యాధి ఉండవచ్చును.

పరిశోధకుల పద్ధతులు

1859లో థామస్ ఆస్టిన్ ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో వేట కొరకు విడిచిన కుందేళ్ళు విపరీతంగా పెరిగి ఆ దేశానికి పెద్ద సమస్యగా మారినవి. వాటి సంఖ్య ఏ విధంగా పెరుగుతున్నదో లెక్కించుటకు శాస్త్రజ్ఞులకు కుందేళ్ళ వయస్సు తెలియటం అవసరమైనది. కంటి కటకం జీవితాంతం పెరుగుతుంది. దానిని ఆరబెట్టి తూచినచో వయస్సు తెలియగలదని 1959లో లార్డ్ అమెరికాలోని కాటన్‌టెయిల్ కుందేళ్ళలో చూపెను. 1961లో డడ్జిన్‌స్కీ, మికిటోవిచ్ ఇదే పద్ధతిని ఆస్ట్రేలియా కుందేళ్ళకు అన్వయించిరి. 1979లో హెండర్సన్, బోవెన్ కింది దవడ ఎముకలో ఏర్పడే గీతలను లెక్కించే పద్ధతిని వివరించిరి. చెట్టు కాండంలోని వలయాలను లెక్కించటం వంటిదే ఇది.

ఈ పద్ధతులన్నీ చనిపోయిన కుందేళ్ళకే ఉపయోగపడతాయి. బ్రతికి ఉన్న జంతువుల విషయంలో డి.ఎన్.ఏ. పై వయస్సుతో పాటు మారే మిథైల్ గుర్తులను కొలిచే పద్ధతి ఆశాజనకంగా ఉన్నది. 185 జాతుల క్షీరదాల నమూనాలతో రూపొందించిన ఇటువంటి కొలమానాన్ని 2023లో ప్రచురించారు. ఇది పరిశోధనాలయాల స్థాయిలోని పద్ధతి. సాధారణ పశువైద్యశాలలో చేసే పరీక్ష కాదు.

శరీరంపై గుర్తులు, లిఖిత ఆధారాలు

శరీర లక్షణాల కంటే కాగితం నమ్మదగినది. అందువలన ముందుగా కుందేలు ఒంటిపై గుర్తులు వెదకవలెను. బ్రిటన్‌లో ప్రదర్శన కుందేళ్ళకు చిన్నతనంలోనే వెనుక కాలికి తొడిగే ఉంగరంపై సంవత్సరం ముద్రించి ఉంటుంది. అమెరికాలో ప్రదర్శన కుందేళ్ళకు ఎడమ చెవిలో పచ్చబొట్టుగా గుర్తింపు సంఖ్య వేస్తారు. మైక్రోచిప్ ఉన్నచో దాని సంఖ్య ద్వారా పాత యజమాని వివరాలు దొరకవచ్చును. ఫారంలో పుట్టిన కుందేలుకు ఈనిన తేదీ వ్రాసిన కార్డు ఉండవచ్చును. ఇవేవీ లేనప్పుడు పాత యజమాని వద్ద ఉన్న తేదీ గల ఛాయాచిత్రాలు, పశువైద్యుని చీటీలు ఉపయోగపడతాయి.

అంచనా వేసే విధానం

ఎదిగిన కుందేలు వయస్సును లెక్కించేటప్పుడు కనిష్ఠ వయస్సును ఆధారాలతో నిర్ణయించవచ్చును. గరిష్ఠ వయస్సును మాత్రం ఊహించగలము. ఈ క్రింది ఊహాత్మక ఉదాహరణ దీనిని వివరిస్తుంది.

ఒక ఆడ కుందేలును 2024 జనవరిలో దత్తత తెచ్చుకున్నారనుకొందాము. ఎక్స్-రేలో మోకాలి గీతలు మూసుకొని ఉన్నాయి. కనుక అప్పటికి దానికి కనీసం 6 నెలలు. అనగా అది 2023 జూలైలో గాని, అంతకు ముందు గాని పుట్టినది. ఈ లెక్కన 2027 జూలై నాటికి దానికి కనీసం నాలుగేళ్ళు నిండుతాయి.

తరువాత పాత యజమాని వద్ద 2022 అక్టోబరు నాటి ఛాయాచిత్రం దొరికినది. అందులో అదే కుందేలు అప్పుడే ఈనిన తన పిల్లలతో ఉన్నది. ఈడు రావటానికి సుమారు నాలుగు నెలలు, గర్భధారణకు ఒక నెల కలిపి అప్పటికి దానికి కనీసం ఐదు నెలలు. అనగా అది 2022 మే నెలలో గాని, అంతకు ముందు గాని పుట్టినది. ఇప్పుడు నాలుగేళ్ళ హద్దు 2026 మే నెలకు, అంటే 14 నెలలు ముందుకు జరిగినది. గర్భాశయ పరీక్షను అంత ముందుగా చేయించవలెనని ఒక్క ఛాయాచిత్రం తెలియజేసినది.

వైద్య చీటీలో "రెండేళ్ళు" అని మాత్రమే వ్రాసినచో, తరువాత చూసేవారు దానిని తెలిసిన వయస్సుగా పొరబడతారు. "2024 జనవరి నాటికి కనీసం ఆరు నెలలు, ఆధారం: మోకాలి ఎక్స్-రే" అని తేదీతో, ఆధారంతో వ్రాయటం మంచిది. కొత్త ఆధారం దొరికినప్పుడు హద్దును సవరించవచ్చును. "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అన్న సామెతలో వలె మొదట అనుకున్న సంఖ్యనే పట్టుకొని ఉండరాదు.

ఏ ఆధారమూ దొరకని కుందేలును పిల్ల, ఎదిగినది, ముసలిది అనే మూడు దశలలో ఒకదానిలో చేర్చి, సందేహం ఉన్నచో పెద్ద వయస్సు దశకు తగిన వైద్య పరీక్షలు చేయించటం క్షేమకరం. చిన్న కుందేలుకు ఒక పరీక్ష ఎక్కువ చేయించినందువలన కలిగే నష్టం స్వల్పం. పెద్ద కుందేలుకు చేయించకపోవటం వలన కలిగే నష్టం ప్రాణం వరకు రావచ్చును.